కబురు గుంజ

అచ్చిబాబు గారి పాత ఇంట్లో ఫోను లేదు. ఆ సంగతి రెల్లుమెరకలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు నల్లటి ఫోను ఒకటి ఉండేది. తుఫాను తర్వాత దాన్ని తీసి అటక మీద పడేశారు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ కూడా తెంపేశారు. అయినా గాలి తిరిగిన మధ్యాహ్నాల్లో నాగదుర్గ తల్లి చిన్నమ్మాయి చేస్తున్న పని ఆపి, తల కాస్త పక్కకు వంచి, ఆ ఇంటి వైపే చూస్తూ ఉండిపోయేది.

"మోగుతోందే," అనేది కూతురితో.

నాగదుర్గ చెవులు రిక్కించేది. సముద్రం హోరు, సరుగుడు తోపులో గాలి, ఎండు చేపల మీద కాకుల గోల. అంతకు మించి ఏమీ వినబడేది కాదు. "ఏం లేదమ్మా" అని తల్లి భుజం పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చేది.

తొంభై ఆరులో, ఆ తుఫాను రోజున, ఊరు మొత్తానికి ఉన్న ఫోను అదొక్కటే. అచ్చిబాబు తండ్రి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ద్రాక్షారామంలో పెళ్లికి వెళ్లాడు. ముందు గదికి ఇత్తడి తాళం వేసి మరీ వెళ్లాడు. చిన్నమ్మాయి ఆ ఇంటి వాకిలి ఊడ్చేది. మధ్యాహ్నం పూట ఆమె చీపురు పట్టుకుని వంగి ఉండగా లోపల ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఆమె మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడింది. తాళం చేత్తో పట్టుకుని చూసింది. పెద్దవాళ్ల ఇల్లు, వాళ్ల బంధువులెవరో చేస్తున్నారు కాబోలు అనుకుని మెట్లు దిగింది. ఊడ్చినంతసేపూ అది మోగుతూనే ఉంది. ఆమె ఇంటికొచ్చాక కూడా మోగుతూనే ఉండి ఉంటుంది. ఆ సాయంత్రం ఆమె మొగుడు భీమరాజు నావ దించాడు. అందులో వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

చిన్నమ్మాయి ఆ సంగతి దాచలేదు. మర్నాడు ఒడ్డున కూర్చుని గుండెలు బాదుకుంటూ అందరికీ చెప్పింది. అందరూ విన్నారు. ఆ ఫోను చేసిందెవరో, ఏం చెబుదామని చేశారో మాత్రం ఎవరికీ తెలియలేదు.

భీమరాజుతో పాటు నావెక్కినవాళ్లలో చిట్టియ్య ఒకడు. పాతికేళ్లు కూడా లేవు. వాడి తల్లి సంపూర్ణమ్మకు ఆ తుఫాను ఇద్దరు కొడుకుల్నీ లేకుండా చేసింది. చిన్నవాడు సముద్రంలో పోయాడు. పెద్దవాడు చంద్రరావు కాకినాడ హార్బరు ఆఫీసులో టెంపరరీ ఉద్యోగి. వాడు ఊరికొచ్చే రోడ్డు మీద, విరిగిపడిన చింతచెట్టు కింద, సైకిల్‌తో సహా దొరికాడు. పక్కా బిల్డింగులో కూర్చోవలసినవాడు అంత గాలివానలో సైకిలేసుకుని ఎందుకు బయల్దేరాడని సంపూర్ణమ్మ ఊళ్లోకి వచ్చిన ప్రతి కొత్త మనిషినీ అడిగేది. పింఛను ఇచ్చే ఆయన్ని అడిగింది. పోలియో చుక్కలు వేసే అమ్మాయిని అడిగింది. వాళ్లకేం తెలుసు?

ఇదంతా జరిగి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు నాగదుర్గకు పెళ్లయింది. మేనత్త కొడుకు ఉదయ్‌కుమార్‌నే చేసుకుంది. అతనికి సొంతంగా ఒక ఫైబరు నావ ఉంది. అది నీళ్లలోకి దిగి మళ్లీ ఒడ్డెక్కేదాకా ఆమె అన్నం సరిగ్గా తినదు. ఆమెకు కావలసింది ఒకటే. సముద్రం మీద కబురేదైనా ఉంటే ఆ నావ దిగకముందే తనకు తెలియాలి.

రెల్లుమెరకలో అందుకొక కట్టుబాటు ఉంది. ఒడ్డున వలలు ఆరేసుకునే ఇసుకదిబ్బ మీద ఒక సరుగుడు గుంజ పాతి ఉంటుంది. దాన్ని కబురు గుంజ అంటారు. సముద్రం తిరగబడుతోందని ఎవరికి తెలిసినా సరే, మగైనా ఆడైనా, ముందు వచ్చి దానికో గుడ్డ కట్టాలి. గుడ్డ ఉండగా ఎవరూ నావ దించరు. పెద్దలు చెప్పేదాకా ఎవరూ విప్పరు. ఇక అబద్ధపు గుడ్డ కట్టినవాళ్లుంటే, వాళ్లింటి నావ మీద ఊరు చెయ్యి వెయ్యదు. రేవులేని ఆ ఒడ్డున నావను అలల్లోకి తొయ్యాలంటే పదిమంది చేతులు కావాలి. ఊరు చెయ్యి వెయ్యని నావ ఇసుకలో ఎండి పగలాల్సిందే.

*

ఆ ఏడు వేసవిలో అచ్చిబాబు రెల్లుమెరకకు ఇంటర్నెట్ తెచ్చాడు.

ఊరికోసం తేలేదు, తన రొయ్యపిల్లల హేచరీ కోసం తెచ్చుకున్నాడు. చెన్నైలో కొనేవాళ్లతో, నెల్లూరులో అమ్మేవాళ్లతో మాటలన్నీ ఇప్పుడు కంప్యూటరు మీదే అయిపోయాయి. హేచరీకి ఆఫీసు పాత ఇంటి ముందు గదే. తీగ వేయడానికి కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు కొలతలు తీసి, పొలాల చుట్టూ తిప్పితే ఉప్పునీళ్ల మురుగుకాలువ దాటాలి, అక్కడ తీగ నిలవదు, వలల దిబ్బ మీదుగా అయితేనే వేస్తానన్నాడు. దిబ్బ ఊరుమ్మడిది. అందుకని అచ్చిబాబు పెద్దల ముందు కుర్చీ వేసుకుని కూర్చోవలసి వచ్చింది.

మూరెడు లోతు తవ్వి, తీగ వేసి పూడ్చేస్తామని, వలలకేమీ అడ్డం రాదని ఆయన మర్యాదగానే చెప్పాడు. పెద్దల్లో పెద్ద సత్తియ్య అంతా విని, ఆ తీగలో ఏమొస్తుందని అడిగాడు. అన్నీ వస్తాయన్నాడు అచ్చిబాబు. గాలివాన కబురు కూడా వస్తుందా అంటే, టీవీవాళ్లు కోస్తా మొత్తానికి ఒక్క ముక్క చెబుతారు, ఇందులో అయితే మబ్బు ఎటు తిరిగిందో బొమ్మే కనబడుతుందన్నాడు. గొప్పకు పోయి ఆ మాట అన్నాడు గానీ, అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"అయితే ఆ కొస మా గుంజ దగ్గర పెట్టండి బాబూ," అన్నాడు సత్తియ్య. "మీరూ చూసుకోండి, మేమూ చూసుకుంటాం."

"అదేంటి సత్తియ్యా. నేను తెచ్చుకున్న తీగ. నా ఇంట్లో పెట్టుకోకూడదా?"

"మీ చేలోకి నీళ్లొచ్చే బోదె మీ పై రైతు చేలోంచే వస్తదండి. ఆయన కట్టేసుకుంటానంటే మీరు ఊరుకుంటారా?"

"కాలవ గవర్నమెంటు తవ్వింది. నీళ్లు అందరివీ. ఇది అలా కాదు."

"తవ్వేది మా దిబ్బే కదండి," అన్నాడు సత్తియ్య. కొందరు నవ్వారు.

అచ్చిబాబుకు కోపం రాలేదు. చెడ్డవాడు కాదాయన. ఎవరికేం కావాలన్నా వచ్చి అడగండి, అడిగితే ఎప్పుడైనా కాదన్నానా అని అందరి మొహాలూ చూశాడు. ఆయన కాదన్న సందర్భం నిజంగానే ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు వెనకాల, ఆడవాళ్ల మధ్య నుంచి చిన్నమ్మాయి గొంతు వినబడింది. పంచాయతీలో ఆవిడ నోరెత్తడం అదే మొదటిసారి.

"మీ నాన్నగారు కూడా అడిగితే కాదనేవారు కాదండి. ఆరోజు అడగడానికి ఆయన లేరంతే."

అచ్చిబాబు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి ఒక ఏర్పాటు చెప్పాడు. నాగదుర్గ అమలాపురంలో ఇంటర్ చదివింది, కంప్యూటరు కూడా కొంత నేర్చుకుంది. ఆమెను ఆఫీసులో కూర్చోబెడతానన్నాడు. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. సముద్రం కబురేదైనా కనిపిస్తే ఆమే వచ్చి గుంజకు గుడ్డ కడుతుంది. ఊరి పిల్లే ఆ గదిలో ఉంటే ఇంకేం కావాలి?

ఊరు ఒప్పుకుంది. సత్తియ్య మాత్రం గొణుక్కున్నాడు. తాళంచెవి ఇచ్చేవాడు పుచ్చుకోవడమూ చేస్తాడని ఆయన అనుమానం. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తొలిరోజున గది తలుపు తీస్తున్నప్పుడు ఇత్తడి తాళం నాగదుర్గ అరచేతిలో చల్లగా తగిలింది. అమ్మ పట్టుకుని వదిలేసిన తాళం ఇదే. ఆమె అటక వైపు చూసింది. పాత గోనెసంచుల వెనక నల్లగా ఏదో ఉంది. మళ్లీ అటు చూడకుండా కంప్యూటరు ముందు కూర్చుంది.

*

రెండు నెలలు బాగానే నడిచింది. పొద్దున్నే ఆమె మబ్బుల బొమ్మ తెరిచి చూసి, ఏమీ లేదని ఉదయ్‌కు చెప్పి పంపేది. అతను నవ్వేవాడు.

"మబ్బుని చూడ్డానికి కంప్యూటరెందుకే? తలెత్తితే కనబడదా?"

"నువ్వు తలెత్తితే నీ మబ్బొక్కటే కనబడుతుంది బావా," అనేది ఆమె.

తర్వాత ఇంటర్ సప్లిమెంటరీ రిజల్ట్స్ వచ్చాయి. చుట్టుపక్కల నాలుగు పాలేల పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ ఆ గదిమీద పడ్డారు. గచ్చంతా ఇసుక, గుమ్మం నిండా చెప్పులు. ఆ మర్నాడు గల్ఫ్ నుంచి మొగుడు ఫోటో పంపాడని ఒకావిడ, ఆ పై రోజు రొయ్యల రేటు చూడమని ఇంకొకాయన వచ్చారు. ఈ సందడిలో చెన్నై నుంచి వచ్చిన ఆర్డరు ఒకటి ఎవరూ చూడక చేజారిపోయింది. అచ్చిబాబు కేకలెయ్యలేదు. తాళంచెవి అడిగి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు. పని ఉన్నప్పుడు తనే పిలుస్తానన్నాడు. తుఫాను రోజుల్లో మళ్లీ ఇస్తానని కూడా అన్నాడు.

"తుఫానొచ్చిందని మీకెలా తెలుస్తుందండీ, ఇచ్చేందుకు?" అని అడిగింది నాగదుర్గ.

ఆయన ఒక్కసారి అటక వైపు చూసి, గబగబా తలుపు మూశాడు. ఆ చూపు ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది. తన తల్లి కళ్లలో తప్ప అలాంటి చూపు మరెవరి కళ్లలోనూ ఆమె చూడలేదు.

నవంబరు వచ్చింది.

ఆ మధ్యాహ్నం అచ్చిబాబు కాకినాడ వెళ్లాడు. ఆకాశం తేటగా ఉంది. ఒడ్డున నావలన్నీ దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఉదయ్ ఇంజనులో డీజిలు పోస్తున్నాడు. నాగదుర్గ అతనికి అన్నం క్యారేజీ ఇచ్చి, పాత ఇంటి పక్కదారిన తిరిగి వస్తోంది. గాలి హఠాత్తుగా ఆగిపోయింది. సరుగుడు తోపు ఊపిరి బిగబట్టినట్టు నిలబడింది. కాకులు కూడా అరవడం లేదు.

ఆ నిశ్శబ్దంలో ఫోను మోగింది.

మొదట ఆమెకు అర్థం కాలేదు. సెల్‌ఫోను పాట కాదు. పాతకాలపు గంట. రెండుసార్లు గబగబా మోగి, కాస్త ఆగి, మళ్లీ రెండుసార్లు మోగుతోంది. అది మూసి ఉన్న ముందు గదిలోంచి వస్తోంది. ఆమె ఇంటి ముందుకు తిరిగింది. వాకిట్లో చిన్నమ్మాయి అప్పటికే నిలబడి ఉంది. చేతిలో చీపురు లేదు, పనేమీ లేదు. ఎప్పుడొచ్చిందో ఏమో. తలుపుకేసి చూస్తోంది.

"నీకూ వినబడుతోందా?" అంది తల్లి.

నాగదుర్గ తలూపింది.

చిన్నమ్మాయి మొహంలో భయం కనబడలేదు. ఎన్నో ఏళ్లుగా తను ఒక్కతే మోస్తున్న బరువుకు ఇంకో చెయ్యి దొరికినట్టు ఆమె ఒళ్లంతా సడలింది. మెట్ల మీద కూలబడి, "తియ్యవే. నేను తియ్యలేదు. నువ్వైనా తియ్యి," అంది.

పెరట్లో రోలు పక్కన రోకలి ఉంది. నాగదుర్గ దాన్ని రెండు చేతులా ఎత్తి తాళం మీద కొట్టింది. తాళం ఊడలేదు, గొళ్లెం ఊడింది. తలుపు తెరుచుకోగానే గంట చెవులు చిల్లులు పడేలా వినబడింది. ఆమె ముందు కంప్యూటరు దగ్గరికే పరుగెత్తింది. కరెంటు లేదు. తెర నల్లగా, ఆమె మొహాన్నే చూపిస్తూ ఉంది. గంట అటక మీంచే.

కుర్చీ ఎక్కి గోనెసంచులు పక్కకు లాగింది. దుమ్ము పట్టిన నల్ల ఫోను. రిసీవరు ఎత్తింది. గంట ఆగిపోయింది.

అవతల హోరు. ఆ హోరులోంచి ఒక మగగొంతు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"రెల్లుమెరకేనా అండి? ఎవరైనా ఉన్నారా అండి? హార్బరు నుంచి మాట్లాడుతున్నాను. గాలి ఇటే తిరిగింది. నావలు దించొద్దని చెప్పండి. తమ్ముణ్ణి నావెక్కనివ్వొద్దని మా అక్కకి చెప్పండి. ఉన్నారా అండి ఎవరైనా?"

"ఉన్నాం," అంది నాగదుర్గ. "ఉన్నాం. చెబుతాం."

అవతల ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. తర్వాత హోరు కూడా లేదు.

రిసీవరు పెట్టబోతూ ఆమె ఫోను వెనక్కి చూసింది. తీగ జానెడే ఉంది. దాని తెగిన కొస దుమ్ములో, ఎండిన తోకలా పడి ఉంది.

ఆలోచించడానికి కూర్చుంటే ఆమె ఆ కుర్చీ దిగి ఉండేది కాదు. కూర్చోలేదు. దిబ్బ మీదికి పరుగెత్తింది. కింద ఉదయ్ నావ చుట్టూ పదిమందీ చేరి భుజాలు ఆనించారు. ఆమె భుజం మీది తువ్వాలు లాగి గుంజకు చుట్టి ముడి వేసింది.

*

ఆ సాయంత్రం గాలి లేదు. రాత్రంతా చుక్కలు మెరిశాయి. తెల్లారి సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. చూసినవాళ్లందరికీ నోరూరేంత చేప ఆ రోజు పక్క పాలేల వాళ్లకు పడింది. రెల్లుమెరక వాళ్లు గుంజకు కట్టిన తువ్వాలు చూస్తూ ఒడ్డున కూర్చున్నారు.

అచ్చిబాబు కాకినాడ నుంచి వచ్చి, ఊడిన గొళ్లెం చూసి, కరెంటు వచ్చాక కంప్యూటరు తెరిచి మబ్బుల బొమ్మ చూశాడు. బంగాళాఖాతం అంతటా మచ్చ లేదు. ముందు రోజు కూడా లేదు. ఆ మాటే పంచాయతీలో చెప్పాడు. ఆయనకు తెలిసినంతలో అది నిజమే.

నాగదుర్గ నిలబడి ఉంది. ఉదయ్ తలవంచుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. అతని నావ వైపు చూడకుండా ఉండడానికి అందరూ చాలా కష్టపడుతున్నారు. కట్టుబాటు తెలియనివాళ్లెవరూ లేరు అక్కడ. ఎవరో ఒకడు, మామూలప్పుడు ఉదయ్‌తో కలిసి టీ తాగేవాడే, రొయ్యల గుంటలో పనికి పోతే కూలి బాగానే ఇస్తార్లే అని వెటకారంగా అన్నాడు.

"కబురు ఎక్కడ విన్నావమ్మా?" అడిగాడు సత్తియ్య.

"ఫోనులో, తాతా."

గుసగుసలు లేచాయి. చిన్నమ్మాయి పిచ్చి కూతురికి కూడా అంటుకుందని ఒకావిడ అంది. సత్తియ్య చెయ్యెత్తి, ఏం విన్నదో ఒక్క ముక్క కూడా మార్చకుండా చెప్పమన్నాడు. నాగదుర్గ చెప్పింది. రెల్లుమెరకేనా అండి దగ్గర్నుంచి ఉన్నారా అండి ఎవరైనా దాకా చెప్పింది.

సత్తియ్య గడ్డం గోక్కున్నాడు. "హార్బరు ఆఫీసులో మనవాళ్లెవరూ లేరే ఇప్పుడు. ఉంటే గింటే అప్పట్లో చంద్రరావు ఉండేవాడు. వాడికి తమ్ముడే గానీ అక్క ఎక్కడుంది?"

"లేదు," అన్నారు నలుగురూ. అబద్ధపు గుడ్డేనని తేలిపోయింది. ఉదయ్ నాగదుర్గ చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు సంపూర్ణమ్మ లేచింది. నడుం వంగిపోయిన మనిషి, కర్ర పట్టుకుని మనుషుల మధ్య దారి చేసుకుంటూ వచ్చి నాగదుర్గ ఎదురుగా నిలబడింది.

"అక్కా అన్నాడా? అమ్మా అనలేదు కదా?"

"అక్కా అనే అన్నాడు అత్తా. మా అక్కకి చెప్పండి అన్నాడు."

"నేనే," అంది సంపూర్ణమ్మ. "మా తమ్ముళ్లు పిలిచేది విని వాడూ నన్ను అక్కా అనేవాడు. పెద్దయ్యాక నలుగురిలో సిగ్గుపడి మానేశాడు. ఇంట్లో మాత్రం అక్కే."

ముసలావిడ నాగదుర్గ చెంప తడిమింది, చెవి తడిమింది, కొడుకు గొంతు దూరిన చెవి అదే అన్నట్టు.

"ఫోను ఎత్తలేదని సైకిలెక్కాడన్నమాట," అంది నెమ్మదిగా. తొమ్మిదేళ్లుగా ఊరికొచ్చినవాళ్లందరినీ అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుని, కర్ర పక్కన పెట్టి ఇసుకలో కూర్చుంది. చిన్నమ్మాయి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సత్తియ్య లేచి గుంజ దగ్గరికి నడిచాడు. ముడి విప్పి, తువ్వాలు మడత పెట్టి తెచ్చి నాగదుర్గ చేతిలో పెట్టాడు.

"ఇది అబద్ధపు గుడ్డ కాదు," అన్నాడు ఊరితో. "ఆలస్యమైన గుడ్డ. తాళం వల్ల ఆలస్యమైంది. ఉదయ్ నావ మీద ముందు నేను చెయ్యి వేస్తాను. వచ్చేవాళ్లు రండి."

ఆపైన అచ్చిబాబు వైపు తిరిగాడు. ఆయన తలుపు విరిగింది కాబట్టి నష్టం అడిగే హక్కు ఆయనకుందని, అడగమని అన్నాడు.

అచ్చిబాబు అడగలేదు. మొలతాడుకున్న తాళంచెవిని వేళ్లతో తిప్పుతూ ఉన్నాడు. ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. పెళ్లి నుంచి వచ్చి చిన్నమ్మాయి ఏడుపు విన్ననాటి నుంచి తండ్రికి నిద్ర లేదట. తీగ తెంపించి, ఫోను అటకెక్కించినా లాభం లేకపోయిందట. మంచాన పడ్డాక ఆయన అడిగింది మందు కాదు, మంచినీళ్లు కాదు.

"ఎవరైనా తియ్యండ్రా, ఎవరైనా తియ్యండ్రా అంటూనే పోయాడు," అన్నాడు అచ్చిబాబు. "నాకెప్పుడూ వినబడలేదు. వినబడుతుందేమోనని మాత్రం ఆ తలుపు మూసుకుంటూ వచ్చాను."

తాళంచెవి తీసి సత్తియ్య ముందు పెట్టాడు. తీగ కొస ఆ ఇంట్లో వద్దన్నాడు. గుంజ దగ్గర వలలు కుట్టుకునే పాక ఉంది కదా, అందులో పెట్టిస్తానన్నాడు. హేచరీ పనికి తనే వచ్చి అక్కడ కూర్చుంటానన్నాడు.

"వంతు మీద కూర్చోవాలండి మరి," అన్నాడు సత్తియ్య. "కాలవ నీళ్లలాగే."

అచ్చిబాబు నవ్వబోయి, తలూపాడు.

*

పాకకు తలుపు లేదు. ఉండకూడదని పెద్దలు తీర్మానించారు. కంప్యూటరు మీద వాన పడకుండా టార్పాలిన్ కట్టారు. తెర నలుగురికీ కనబడేలా దిబ్బ వైపు తిప్పి పెట్టారు. చదువు రానివాళ్లు కూడా నావకు వెళ్తూ ఒకసారి దానికేసి చూసి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. మబ్బు తెల్లగా సుడి తిరుగుతూ కనిపిస్తే చాలు, ఎవరూ చెప్పనక్కర్లేదు. అచ్చిబాబు తన వంతు వచ్చేదాకా వల కుట్టేవాళ్ల పక్కన పీట మీద కూర్చునేవాడు. మొదట్లో ఇబ్బందిపడేవాడు. తర్వాత వాళ్ల చుట్ట కూడా కాల్చడం మొదలుపెట్టాడు.

లైను మార్చడానికి వచ్చినతను, ఊరి పేరు మీద మారింది కాబట్టి అంటూ దాంతోపాటు ఒక ఫోను కూడా పెట్టి పోయాడు. బూడిదరంగుది, తేలికగా, ఆటబొమ్మలా ఉంది. దాని నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అందుకని అది ఎప్పుడూ మోగలేదు.

చిన్నమ్మాయి రోజూ వచ్చి పాక ఊడ్చేది. పాత ఇంటి వైపు ఇప్పుడామె చూడడం లేదు. అక్కడ ఏమీ వినబడడం లేదని నాగదుర్గతో చెప్పింది. గాలి తిరిగినా వినబడడం లేదట.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం పాక నిండా మనుషులున్నారు. సత్తియ్య వల నూలు కండెకు చుడుతున్నాడు. అచ్చిబాబు పీట మీద కునుకు తీస్తున్నాడు. నాగదుర్గ మబ్బుల బొమ్మ తెరిచే లోపే కరెంటు పోయింది. ఉదయ్, మిగతావాళ్లు నావ దించడానికి లేవబోతున్నారు. బయట సరుగుడు తోపులో గాలి హఠాత్తుగా ఆగింది.

బూడిదరంగు ఫోను మోగింది.

అచ్చిబాబు కళ్లు తెరిచి గోడకు ఆనుకున్నాడు. నాగదుర్గ చెయ్యి చాచింది గానీ, ఆ చెయ్యి సగం దారిలో ఆగిపోయింది. రెండోసారి మోగింది. మూడోసారి కూడా.

చిన్నమ్మాయి చీపురు కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఫోను ఎత్తి, ఏ వైపు చెవికి పెట్టుకోవాలో తెలియక తిప్పి చూసి, పెట్టుకుంది.

"ఉన్నామండి," అంది. "చెప్పండి."